బడి ఎక్కడ ఉండాలి? కర్నూలు, కడప సీమలో పంచమ విద్య

తెల్లవారి పిల్లలు, నల్లవారి పిల్లలు ఒకే బడిలో చదువుటకు బస్సులు నడపవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 1971లో స్వాన్ కేసులో చెప్పినది. 1974లో బోస్టన్‌లో ఆ బస్సుల మీద రాళ్లు పడినవి. అక్కడి వాదము పిల్లలు ఏ బడికి ప్రయాణము చేయాలన్నది. మన సీమలో ఇటువంటి వాదమే అంతకు యాభై ఏండ్ల ముందు నడిచినది. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి కూతవేటు దూరమే గనుక ఇక్కడ బస్సు ప్రశ్న రాలేదు. బడి ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న.

కులము కారణముగా ప్రభుత్వ పాఠశాలలో ఎవరినీ నిరాకరించరాదన్న నియమమును 1882 నాటి హంటర్ కమిషన్ తిరిగి ధ్రువపరచినది. అయితే దానిని జాగ్రత్తగా అమలు చేయుమని, నిమ్నకులముల పిల్లలకు ప్రత్యేక పాఠశాలలను ప్రోత్సహించుమని కూడా అదే నివేదిక చెప్పినది. తరువాతి చరిత్రను నడిపినది ఈ రెండవ మాటేనని నా అభిప్రాయము. 1893లో పంచమ విద్యపై మద్రాసు ప్రభుత్వమిచ్చిన ఉత్తర్వు గొప్పదే గాని, అదియు వేరు బడులకే ఊతమిచ్చినది.

బోర్డు పాఠశాలలు అనేకము గుడి మండపములలో, అగ్రహారపు ఇండ్లలో నడిచేవి. పంచములు అడుగుపెట్టలేని చోట ప్రవేశపు హక్కు ఉండి ఏమి లాభము? అందుకే పాఠశాలలు అందరూ రాగల స్థలములలో ఉండవలెనని ప్రభుత్వము 1919లో ఆదేశించినది. ఊరి పెద్దలు తమ పిల్లలను మానిపించెదమనిరి. చివరకు లేబరు శాఖ పంచములకు వేరే బడులు తెరచినది.

ఇక మన సంగతి. నంద్యాల, ముత్యాలపాడులలో ఎస్.పి.జి. వారు, జమ్మలమడుగు, కడపలలో లండన్ మిషను వారు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పల్లెలలోనే బడులు పెట్టిరి. పగలు బడి, ఆదివారము గుడి, రెండూ ఒకే కొట్టములో. ఉపదేశియే పంతులు. పగలు పశువులు కాచే పిల్లలకు రాత్రి బడి. ఆ కొట్టము లేకపోతే మన తాతలకు బైబిలు చదువుటకు అక్షరములు వచ్చేవి కావు. దానిని తక్కువ చేయుట కృతఘ్నత. కాని వారి బడి వారికున్నది గదా అను జవాబు ఊరికి దొరికినది కూడా ఆ కొట్టము వలననే. సంఘ చరిత్రలు వ్రాయువారు మొదటిది వ్రాసి రెండవది విడిచిపెట్టుచున్నారు.

పట్టణములో కథ కొంత వేరు. పెద్దపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య కర్నూలు మునిసిపల్ పాఠశాలలో చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యెను.

నేడు నల్లమల అంచున మా ఆత్మకూరు రోడ్ల మీద ఉదయమే పసుపు బస్సులు తిరుగును. కలిగినవారి పిల్లలను అవి ప్రైవేటు బడులకు తీసికొనిపోవును. చాలా గ్రామములలో ఊరి ప్రభుత్వ బడికి మిగిలినది పేదల పిల్లలే. బోస్టన్ బస్సు కలుపుటకు బయలుదేరినది, మన బస్సు విడదీయుచున్నది. వీటిలో క్రైస్తవ సంస్థల బస్సులును కలవు. 2009 విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలలలో 25 శాతము సీట్లు బలహీన వర్గములకు ఇమ్మన్నది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలను దాని నుండి మినహాయించినది. పల్లె పిల్లలను చేర్చుకొనవద్దని మాత్రము ఆ తీర్పు చెప్పలేదు.