సైబరు భద్రతకు దుబాసీలు కావాలి

ఉద్యోగ ప్రకటనలను ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? "సైబర్ సెక్యూరిటీ కన్సల్టెంట్ కావలెను" అన్న ప్రకటన కనిపిస్తే ఒకసారి పూర్తిగా చదవండి. దాని కింద పెద్ద చిట్టా ఉంటుంది. ఇంజనీరింగు పట్టా లేదా ఎం.సి.ఏ., నెట్‌వర్కులలో అనుభవం, సి.ఐ.ఎస్.ఏ. లేదా సి.ఐ.ఎస్.ఎస్.పి. ధ్రువపత్రం, సంబంధిత చట్టాల పరిచయం కావాలంటారు. చివరగా చక్కగా రాయగల, మాట్లాడగల నేర్పు ఉండాలంటారు. మొదటివన్నీ సరే. కంప్యూటర్లను దొంగల బారి నుంచి కాపాడే మనిషికి మాటనేర్పు ఎందుకు? చట్టాలతో పనేమిటి?

ఈ చిట్టాను ఎవరో ఒకరు ఒక్కరోజు కూర్చుని రాయలేదు. అందులోని ఒక్కొక్క అర్హత వెనుక ఒక్కొక్క నష్టం ఉంది. ఆ కథ తెలిస్తే, ఈ వృత్తిలోకి రావాలనుకునే మీరు ఏం నేర్చుకోవాలో కూడా తెలుస్తుంది.

పుదుచ్చేరి దుబాసీ

కథను మనకు దగ్గరలోని ఒక ఊరి నుంచి మొదలుపెడదాం. మన యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోదేనని మీకు తెలుసు. 18వ శతాబ్దంలో పుదుచ్చేరి ఫ్రెంచివారి వర్తక కేంద్రం. అక్కడి ఫ్రెంచి అధికారులకు మన భాషలు రావు, మన వర్తకులకు ఫ్రెంచి రాదు. ఇద్దరి మధ్యా నిలిచి వ్యవహారం నడిపినవాడు దుబాసీ. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయింది. గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై (1709-1761) ఎంతో పేరు పొందాడు. కస్తూరి రంగకవి రచించిన తెలుగు ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము' ఆయన పేరు మీద వెలసిందే. 1736 నుంచి పిళ్ళై రాసిన దినచర్య ఈనాటికీ చరిత్రకారులకు ఆధారం.

దుబాసీకి ఏ అర్హతలు కావాలి? సరుకు గురించి క్షుణ్ణంగా తెలియాలి. రెండు భాషలూ రావాలి. రెండు పక్షాలకూ అతనిపై నమ్మకం ఉండాలి. ఈ మూడింటినీ గుర్తుంచుకోండి. కంప్యూటర్ల కథలో ఇవి మళ్ళీ కనిపిస్తాయి.

గది తాళం చాలని రోజులు

1960లలో కంప్యూటరు ఒక గది నిండా ఉండే యంత్రం. గదికి తాళం వేస్తే యంత్రం భద్రంగా ఉన్నట్టే. ఒకే యంత్రాన్ని టెలిఫోను తీగల ద్వారా ఎక్కడెక్కడివారో ఒకేసారి వాడుకునే 'టైమ్ షేరింగ్' పద్ధతి వచ్చాక ఆ తాళం చాలకుండా పోయింది. ర్యాండ్ సంస్థకు చెందిన విల్లిస్ వేర్ 1967లో ఒక కంప్యూటరు సదస్సులో ఈ ప్రమాదాన్ని వివరించారు. ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1970లో అమెరికా రక్షణ శాఖకు నివేదిక ఇచ్చింది. 1972లో జేమ్స్ ఆండర్సన్ ఆ దేశపు వైమానిక దళానికి మరో నివేదిక తయారుచేశారు.

ఆ కాలంలోనే కొందరు నిపుణులను పిలిచి, "మా యంత్రంలోకే దొడ్డిదారిన ప్రవేశించి చూపండి" అని పురమాయించడం మొదలైంది. అటువంటి బృందాలను 'టైగర్ టీమ్'లు అనేవారు. ఇప్పుడు మనం 'పెనెట్రేషన్ టెస్టింగ్' అంటున్న పనికి మూలం అదే. చిల్లు కనిపించినప్పుడల్లా అతుకు వేస్తూ పోతే లాభం లేదని, భద్రతను మొదటి నుంచీ ఆలోచించి యంత్రాన్ని నిర్మించాలని ఆండర్సన్ నివేదిక తేల్చింది. ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కు, ప్రోగ్రామింగు మూలసూత్రాలు తెలిసినవారు కావాలని యజమానులు అడగడానికి కారణం ఇదే. ఇల్లు ఎలా కట్టారో తెలియనివాడు ఏ గోడ బలహీనమో చెప్పలేడు కదా!

లెక్కలు తెలిస్తే చాలదు

రెండో పాఠం లెక్కల పుస్తకాల నుంచి వచ్చింది. 1973లో అమెరికాలో ఈక్విటీ ఫండింగ్ అనే బీమా సంస్థ బండారం బయటపడింది. లేని మనుషుల పేర కంప్యూటరులో వేలాది దొంగ పాలసీలు సృష్టించి, వాటిని ఇతర సంస్థలకు అమ్ముకున్నారు. లెక్కలు తనిఖీ చేసేవారికి కాగితం మీది అంకెలు తెలుసు గాని, ఆ అంకెలను పుట్టించే యంత్రం సంగతి తెలియదు.

ఈ కొరతను గుర్తించిన కొందరు ఆడిటర్లు అంతకు ముందే, 1969లో, లాస్ ఏంజెలెస్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి ఐసాకా సంస్థ అదే. 1978లో ఆ సంఘం సి.ఐ.ఎస్.ఏ. అనే అర్హతను ప్రవేశపెట్టింది. కంప్యూటరు వ్యవస్థలను తనిఖీ చేయగల ఆడిటరు అని దాని అర్థం. చార్టర్డ్ అకౌంటెంట్లు కూడా ఈ వృత్తిలోకి రావడం మీరు చూస్తుంటారు. దానికి దారి ఇక్కడే పడింది.

75 సెంట్ల తేడా

ఇప్పుడు ఒక ఖగోళ శాస్త్రజ్ఞుని సంగతి వినండి. 1986లో క్లిఫర్డ్ స్టోల్ అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ల పనిలో చేరారు. కంప్యూటరు వాడకానికి వేసిన లెక్కలో 75 సెంట్ల తేడా వచ్చింది. ఎందుకు వచ్చిందో చూడమన్నారు. మరొకరైతే చిల్లర లెక్కే కదా అని వదిలేసేవారేమో! స్టోల్ వదల్లేదు. బయటి నుంచి వచ్చే టెలిఫోను తీగలకు ప్రింటర్లు తగిలించి, ఆ ఆగంతకుడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించారు. ఏ రోజు ఏం జరిగిందో నోటు పుస్తకంలో రాసిపెట్టారు. నెలల తరబడి సాగిన ఆ అన్వేషణ పశ్చిమ జర్మనీలోని హనోవర్ నగరం దాకా వెళ్ళింది. అక్కడి ఒక ముఠా అమెరికా సైనిక కంప్యూటర్లలో చొరబడి, ఆ సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి.కి అమ్ముతున్నట్టు తేలింది.

మొదట్లో స్టోల్ పోలీసు అధికారులకు ఫోను చేసినప్పుడు వారికి పెద్దగా ఆసక్తి కలగలేదు. పోయింది 75 సెంట్లే కదా! ప్రమాదం ఎంత పెద్దదో వారికి అర్థమయ్యేలా చెప్పడం ఆయనకు దొంగను పట్టుకోవడమంత కష్టమైంది. పట్టు వదలని కుతూహలం, రాసిపెట్టే అలవాటు, ఎదుటివారికి నచ్చజెప్పే నేర్పు అనే మూడు గుణాలు ఈ వృత్తికి ఎంత అవసరమో ఈ ఉదంతం చూపింది. వీటికి ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వదు. అందుకే ఇంటర్వ్యూలో "మీరు పరిశోధించిన ఒక సమస్య గురించి చెప్పండి" అని అడుగుతారు.

తెలివి వేరు, అనుమతి వేరు

1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో ఒక 'పురుగు' విడుదలైంది. తనను తానే నకలు చేసుకుంటూ వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. దాన్ని రాసినవాడు కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్. అతను తెలివైనవాడనడంలో సందేహం లేదు. అయినా 1990లో కోర్టు అతన్ని దోషిగా నిర్ణయించి, జరిమానాతో పాటు 400 గంటల సమాజసేవ విధించింది.

ఆ సంఘటన జరిగిన కొద్ది రోజులకే, ఇటువంటి ఆపదల్లో అందరికీ కబురందించి సాయపడే 'సెర్ట్' కేంద్రం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. 1989లో ఈ వృత్తివారి సంఘం ఒకటి వెలిసింది. 1994లో అది సి.ఐ.ఎస్.ఎస్.పి. అర్హతను ప్రవేశపెట్టింది. దీనికి పరీక్ష నెగ్గితే చాలదు. ఎనిమిది విభాగాలలో కనీసం రెండింటిలో కలిపి 5 ఏళ్ల అనుభవం చూపాలి. తగిన పట్టా ఉంటే ఒక ఏడాది మినహాయింపు దొరుకుతుంది. పరీక్షను ముందే రాసి, అనుభవం తర్వాత సంపాదించుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, వృత్తి నియమావళికి కట్టుబడతామని ఒప్పుకోవాలి. దుబాసీకి కావలసిన నమ్మకమనే గుణం ఇలా అర్హతగా మారింది.

బ్యాంకుల ఖజానా దాకా

1994లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ నుంచి వ్లాదిమిర్ లెవిన్ అనే వ్యక్తి, అతని తోడుదొంగలు సిటీ బ్యాంకు కంప్యూటర్లలో చొరబడి, దాదాపు కోటి డాలర్లు ఇతర ఖాతాలకు మళ్ళించారు. బ్యాంకు ఎక్కువ భాగం తిరిగి రాబట్టుకుంది. డబ్బు వచ్చినా ఖాతాదారుల నమ్మకం మాటేమిటి? 1995లో ఆ సంస్థ స్టీవ్ కాట్జ్‌ను ముఖ్య సమాచార భద్రతాధికారిగా నియమించింది. ప్రపంచంలో ఆ హోదా పొందిన మొదటి వ్యక్తిగా ఆయనను పేర్కొంటారు. అప్పటి నుంచి భద్రత యంత్రాల గదిని దాటి డైరెక్టర్ల గదిలోకి వచ్చింది.

మన దేశంలో

మన దేశంలో రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థను నెలకొల్పింది. బ్యాంకుల సాంకేతిక విజ్ఞానంపై పరిశోధన, శిక్షణ దాని పని. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17 నుంచి అమలులోకి వచ్చింది. 2004లో జాతీయ స్థాయిలో 'సెర్ట్-ఇన్' పని ప్రారంభించింది. భద్రతా తనిఖీలు చేయగల సంస్థలను ఎంపిక చేసి జాబితా ప్రకటించేది అదే. బ్యాంకుల భద్రతాధికారి కంప్యూటరు విభాగపు అధిపతికి లోబడి ఉండకూడదని 2011లో రిజర్వు బ్యాంకు సూచించింది. తప్పు చేసినవారికే తప్పు చూపే పని అప్పగిస్తే ఏమవుతుందో ఊహించండి! 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, సైబరు దాడిని గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. సలహాదారుకు చట్టం తెలిసి ఉండాలనడం ఇందుకే.

నియమాలు ఉండగానే సరిపోతుందా? 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దుండగులు సుమారు రూ. 12 కోట్లకు పైగా దోచుకున్నారు. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, అంతకు ముందు నవంబరులో సిబ్బందికి 200కు పైగా మోసపు ఈ-మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. అలా ప్రవేశించిన సాఫ్ట్‌వేరు కీబోర్డు మీద కొట్టిన అక్షరాలను దొంగలకు చేరవేసింది. ఆ దారిన వారు బ్యాంకు ముఖ్య వ్యవస్థను చేరుకుని, కొన్ని ఖాతాల్లో నిల్వలు పెంచి, డబ్బును దేశమంతటా ఉన్న ఖాతాలకు పంపేశారు. సైబరు భద్రతా నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై రూ. 65 లక్షల జరిమానా విధించింది. సహకార బ్యాంకులో దాచుకునే డబ్బు చిన్న వ్యాపారులది, పింఛనుదారులది. ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదు.

ఇటువంటి చోటికి ఒక సలహాదారు వెళ్ళాడనుకుందాం. "మీ నెట్‌వర్కులో విభజన లేదు" అని డైరెక్టర్లతో అంటే వారికి ఏమర్థమవుతుంది? అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు: "మీ గుమాస్తా బల్ల మీది కంప్యూటరు నుంచి ఖజానా దాకా ఒక్క తలుపు కూడా లేదు. తలుపులు పెట్టడానికి ఇంత ఖర్చవుతుంది. పెట్టకపోతే ఇంత పోవచ్చు." రెండు మాటల్లోనూ విషయం ఒక్కటే. రెండోది వింటే సంతకం పెట్టవలసిన మనిషి సంతకం పెడతాడు. ప్రకటనలో చివర కనిపించే మాటనేర్పు అర్థం ఇదే. దుబాసీ ఫ్రెంచిని తమిళంలోకో తెలుగులోకో మార్చినట్టే, సలహాదారు యంత్రం భాషను లాభనష్టాల భాషలోకి మార్చాలి.

మరి మీరేం చేయాలి?

ఈనాడు పుదుచ్చేరిలోని సారం వీధుల్లోనైనా, యానాం సంతలోనైనా ఫోను చూపి సరుకులు కొంటున్నాం. కాబట్టి ఈ పని అన్ని ఊళ్ళకూ అవసరమే. పాఠశాలలో ఉన్నవారు గణితాన్ని, ముఖ్యంగా సంఖ్యల ధర్మాలను అశ్రద్ధ చేయకండి. సమాచారాన్ని రహస్య లిపిలో దాచే పద్ధతులు వాటిమీదే నిలిచి ఉన్నాయి. కళాశాలలో ఉన్నవారు లినక్స్, నెట్‌వర్కు నియమాలు, పైథాన్ వంటి ఒక భాష నేర్చుకోండి. రెండు పాత కంప్యూటర్లు కలిపి ఇంట్లోనే చిన్న ప్రయోగశాల తయారుచేసుకోవచ్చు. చేసిన ప్రతి ప్రయోగాన్నీ తేదీ వేసి రాసిపెట్టండి. దాన్ని కంప్యూటర్లతో పరిచయం లేని మీ అమ్మగారికో నాన్నగారికో అర్థమయ్యేలా చెప్పి చూడండి. తడబడ్డారంటే మీకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట.

ధ్రువపత్రాల విషయంలో తొందరపడకండి. ధ్రువపత్రం తలుపు తట్టడానికి పనికొస్తుంది. లోపల నిలబెట్టేది మాత్రం పని తెలిసి ఉండటమే. మూడు నెలల్లో ఉద్యోగం ఖాయమని చెప్పేవారి దగ్గర ఫీజు కట్టే ముందు, ఈ వ్యాసంలోని అర్హతల్లో వారు నిజంగా నేర్పేవి ఎన్నో లెక్కపెట్టండి.

చివరిగా ఒక హెచ్చరిక. యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో ప్రవేశిస్తే సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను కింద నష్టపరిహారం చెల్లించవలసి వస్తుంది. అదే పని మోసపూరితంగానో దురుద్దేశంతోనో చేస్తే 66వ సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, రూ. 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సరదాకు చేశామన్నా తప్పు తప్పే. అనుభవం ఉన్న సలహాదారులు కూడా లిఖితపూర్వకమైన అనుమతి చేతికి వచ్చేవరకు పని మొదలుపెట్టరు. మీ సాధనంతా మీ సొంత యంత్రాల మీద, లేదా విద్యార్థుల కోసం నిర్వహించే పోటీల్లో చేయండి. తాళం తెరవడం నేర్చినవాడికి ఇంటి తాళపుచెవులు అప్పగించాలంటే, యజమాని మొదట చూసేది అతని నడవడినే.