కూచిపూడిలో గజ్జె ఎవరు కట్టారు

ప్రయోగాత్మక రంగస్థలం అనగానే ఢిల్లీలోనో ముంబైలోనో నల్లతెరలు దించిన చిన్న హాలు కళ్లముందు మెదులుతుంది. కృష్ణా డెల్టాలో అలాంటి చోటు ఏదని నన్నడిగితే, పామర్రు నుంచి చల్లపల్లి పోయే దారిలోని కూచిపూడి పేరే చెప్తాను. సంప్రదాయానికి పుట్టిల్లని మనం చేతులెత్తి మొక్కే ఈ ఊళ్లో ప్రతి తరమూ ముందు తరం గీసిన గీత దాటింది. దాటినప్పుడల్లా తగవు ఒక్కటే: గజ్జె కట్టే హక్కు ఎవరిది?

ఊరి భాగవతుల గురించి తొలి కబురు మాచుపల్లి కైఫీయతులో ఉంది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్లను హింసపెడుతున్నాడట. కూచిపూడి మేళం విజయనగరం వెళ్లి, వీర నరసింహరాయల ఎదుట ఆ దుర్మార్గాన్నే వేషం కట్టి ఆడింది. రాజు సైన్యాన్ని పంపాడు. 16వ శతాబ్దం తొలినాళ్ల సంగతి ఇది. దేవుడి కథ ఆడి దక్షిణ పుచ్చుకుని పోవలసినవాళ్లు కొలువులో అధికారి గుట్టు రట్టుచేశారంటే, వీధి నాటకాన్ని ఇరవయ్యో శతాబ్దంలో కొత్తగా కనిపెట్టామనుకునేవాళ్లు కాస్త ఆగాలి.

ఆట జరిగే తీరూ అంతే. రామలింగేశ్వరస్వామి గుడి ముందరి ఖాళీ జాగాయే రంగస్థలం. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. అటొకటి ఇటొకటి కాగడాలు. పాత్ర రాగానే కాగడా మీద గుగ్గిలం పొడి కొడితే మంట భగ్గున లేస్తుంది, ముఖం వెలుగుతుంది. భామాకలాపంలో సత్యభామ ముందు ముఖం చూపించదు, తెర మీంచి జడ వేస్తుంది. సూర్యుడు, చంద్రుడు, నాగుపడగ కుట్టిన పొడవాటి జడ. తనను మించినవాళ్లుంటే ఆ జడ కోసుకోవచ్చని సభకు సవాలు. తాళం పట్టిన సూత్రధారుడు వేషం మార్చకుండానే చెలికత్తె మాధవి అయిపోతాడు, జనంతో పరాచికాలాడతాడు, మళ్లీ సూత్రధారుడవుతాడు. ఇప్పటి నాటక దర్శకులు కష్టపడి సాధిస్తున్నది ఇదే కదా!

ఆ సత్యభామ మాత్రం మగవాడు. సిద్ధేంద్రయోగి ఈ కలాపం కూర్చి ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకు నేర్పాడనీ, ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని నియమం పెట్టాడనీ చెప్తారు. గోల్కొండ నవాబు తానీషా మెచ్చి ఊరిని ఆ కుటుంబాలకు రాసిచ్చాడనీ అంటారు. ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో కలావంతులనే దేవదాసీ నర్తకులు కూడా భామాకలాపం ఆడేవారు. అక్కడ భామ నిజంగా ఆడదే. 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత వాళ్ల మేళాలు మూగబోయాయి. కూచిపూడి వైభవం చెప్పుకునే సభల్లో ఈ మాట వినపడటం అరుదు.

ఊళ్లో మొదటి గీత దాటినవారు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి (1886–1956). మేళంతో సంబంధం లేకుండా ఒక్కరే ఆడే నృత్యానికి రూపమిచ్చారు, బయటి ఆడపిల్లలకు నేర్పారు. ఆ తర్వాత ఏలూరు ప్లీడరు, బిల్వమంగళ పాత్రకు పేరుపడ్డ నటుడు బందా కనకలింగేశ్వరరావు పూనుకోగా 1950ల చివర్లో ఊళ్లోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది. ఇంటి విద్య బడి విద్య అయింది. అంతవరకూ తాత నుంచి మనవడికి అందినది ఇప్పుడు తరగతి, పాఠం, పరీక్ష.

అదే రోజుల్లో ఊరి బయటా ఒక పేచీ నడుస్తోంది. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు జరిపింది. తెలుగువారి తరఫున విస్సా అప్పారావు మాట్లాడారు. కూచిపూడి నృత్యమా, నాటకమా అన్న పేచీ అక్కడ తేలలేదు. మరుసటి ఏడు హైదరాబాదులో మరో సదస్సు పెట్టుకోవలసి వచ్చింది. నా మటుకు ఆ పేచీ తేలకపోవడమే ఈ కళకున్న బలం.

ఇక కిటికీలు తెరుచుకున్నాయి. అమెరికన్ నర్తకి రాగిణీదేవి కూతురు, 1952 మిస్ ఇండియా ఇంద్రాణీ రెహమాన్, కోరాడ నరసింహారావు దగ్గర కూచిపూడి నేర్చి విదేశీ వేదికల మీద ఆడింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ భామే కాదు, కృష్ణుడు కూడా తరచూ అమ్మాయే. ఊళ్లోనేమో వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా ఆడుతూ పాత దారిని శిఖరానికి చేర్చారు. ఒకే కాలంలో రెండు ప్రయోగాలు, ఒకదానికొకటి ఎదురుగా. పందెం పెడితే ఎవరు గెలిచారో నేను చెప్పలేను.

కళాక్షేత్రం తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చి సిద్ధేంద్రయోగి కళాపీఠమైంది. విదేశాల నుంచి విద్యార్థులూ పరిశోధకులూ ఊరికి రావడం మామూలైంది. 2016 డిసెంబరులో విజయవాడలో అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం జరిగితే వేలమంది ఒక్కసారే అడుగు వేశారు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. అంతమంది ఒకే అడుగు వేయడం కంటికి పండగే, కానీ సూత్రధారుడి పరాచికాలకు అక్కడ తావు లేదు.

హర్షిత కామత్ 2019లో వెలువరించిన పుస్తకం కూచిపూడి స్త్రీ వేషాల మీదే. ప్రపంచంలో ఎక్కడి అమ్మాయి అయినా ఫీజు కట్టి ఈ విద్య నేర్చుకోగలిగిన రోజుల్లోనూ, అదే అగ్రహారం ఇళ్లలోని ఆడవాళ్లకు గజ్జె అందడం కష్టమైందని అందులో ఉంది. అయినా ఆ ఇళ్ల నుంచి కూడా ఒకరిద్దరు స్త్రీలు గజ్జె కట్టి, వేదికెక్కి, పాఠాలు చెప్తున్నారు.