నాటకం చూసేదేనా? చదివేది కూడానా?



మాది కామసముద్రం. బంగారుపేట తాలూకా, కోలారు జిల్లా. ఇటు బంగారు గనులు, అటు కుప్పం. ఇంకొంచెం పోతే తమిళనాడు. నేను బడిలో పాఠం చెప్పేది కన్నడంలో. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ పిల్లలు జట్టుకట్టి పోట్లాడుకునేది తెలుగులో. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈనాటి ప్రసంగానికి మూలం ఒక పాత నోటుపుస్తకం. మా చుట్టుపక్కల ఒక ఊళ్ళో నాటకం మేష్ట్రు ఒకాయన ఉండేవారు. మన సీమలో కేళికె అంటామే, ఆ వీధినాటకం నేర్పించే పెద్దాయన. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో ఉన్నది తెలుగు నాటకం. దరువులూ, పద్యాలూ, మాటలూ అన్నీ తెలుగే. రాసింది మాత్రం కన్నడ అక్షరాల్లో. "ఒకసారి ఇస్తే చూసి రాసుకుంటాను తాతా" అన్నాను. "దానికేం సార్, ఎప్పుడైనా రాండి, కూర్చుని రాసుకోండి" అన్నారు. వేసవి సెలవుల్లో రాసుకుందాంలే అనుకున్నాను. ఆ సెలవుల్లో జనగణన పని, మరుసటి సెలవుల్లో ఇంట్లో పెళ్ళి. తీరా నేను వెళ్ళేసరికి ఆయన పోయి నాలుగు నెలలైంది. పాత కాగితాలన్నీ తూకానికి వేసేశామని ఇంట్లోవాళ్ళు చెప్పారు. వాళ్ళను అనడానికేముంది? తప్పు నాది.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. నాటకం చూసేది కదా, దాన్ని పుస్తకంగా ఎవరు చదువుతారు? చదవకపోతే దాన్ని అచ్చు వేయడం ఎందుకు? ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతికాను. దొరికినది మీ ముందు పెడతాను.

మన పెద్దలు నాటకాన్ని దృశ్యకావ్యం అన్నారు. అంటే కంటికి ఆనే కావ్యం. అయినా ఆ కావ్యం కాగితం మీదికి ఎక్కకపోతే తరువాతి తరానికి అందదు. ఇంగ్లీషువాళ్ళ సంగతే చూడండి. షేక్స్పియరు 1616లో చనిపోయారు. ఆయనతో కలిసి వేషాలు కట్టిన ఇద్దరు స్నేహితులు, హెమింజ్, కాండెల్ అనేవారు, 1623లో ఆయన నాటకాలు 36 చేర్చి ఒక పెద్ద పుస్తకం వేయించారు. వాటిలో 18 నాటకాలు అంతకు ముందు అచ్చు కానే లేదు. మేక్‌బెత్ అందులో ఒకటి. ఆ ఇద్దరూ కూడా నాలాగే వచ్చే సెలవుల్లో చూద్దాంలే అనుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అంత దూరం ఎందుకు, మన చుట్టూనే చూద్దాం. ఈ కన్నడ సీమలో తెలుగు నాటకం నిన్న మొన్నటిది కాదు. మాగడి కెంపేగౌడ పేరున గంగాగౌరీ విలాసం అనే తెలుగు యక్షగానం ఉంది. మైసూరును 1704 నుంచి 1714 దాకా ఏలిన రెండవ కంఠీరవ నరసరాజు పేరున 14 యక్షగానాలు ఉన్నాయి. అవి వేరువేరు భాషల్లో ఉన్నా రాసిన లిపి కన్నడమే. మన కైవారం తాతయ్య, యోగి నారేయణులు, పాడిన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చు వేసుకుని నేటికీ పాడుకుంటున్నారు. కాబట్టి మా పెద్దాయన నోటుపుస్తకం ఒక వింత కాదు. మన ప్రాంతంలో తెలుగు బతికిన తీరే అది. మాట ఒక భాషది, అక్షరం ఇంకొక భాషది.

ఇక అచ్చు యుగానికి వద్దాం. తెలుగులో నాటకాన్ని చదివే వస్తువుగా చేసినవారిలో ముందు చెప్పుకోవలసినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయన ప్రహసనాలు వివేకవర్ధని, హాస్యసంజీవని పత్రికల్లో వచ్చేవి. స్టేజీ లేదు, తెర లేదు. లంచాలు తినేవాళ్ళనూ, ముసలి పెళ్ళికొడుకులనూ ఆయన వేళాకోళం చేస్తుంటే జనం ఇంటి అరుగు మీద కూర్చుని చదువుకుని నవ్వుకునేవారు. ఆ తరువాత చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గయోపాఖ్యానం వచ్చింది. ఆ పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. అన్ని ప్రతులు కొన్నవాళ్ళందరూ ముఖానికి రంగు వేసుకునేవాళ్ళే కాదు కదా. పద్యాలు కంఠతా పట్టడానికి కొన్నవాళ్ళున్నారు, రాత్రి దీపం దగ్గర ఇంటిల్లిపాదికీ చదివి వినిపించడానికి కొన్నవాళ్ళున్నారు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలదీ అదే కథ. పొలంలో మడక దున్నుతూ రాయబారం పద్యాలు పాడే రైతులను నా చిన్నతనంలో నేనే చూశాను.

ఇప్పుడు కన్యాశుల్కం దగ్గర కొంచెం ఆగుదాం. గురజాడ అప్పారావుగారి ఈ నాటకాన్ని మొదట 1892లో విజయనగరంలో ఆడారు. పుస్తకంగా వచ్చింది 1897లో. ఆ పుస్తకానికి ఆయన ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. విశాఖ మండలంలో ఆడపిల్లలను డబ్బుకిచ్చి చేసిన పెళ్ళిళ్ళను మహారాజావారు లెక్క రాయించగా మూడేళ్ళలో 1034 తేలాయని అందులో ఉంది. అందులో ఏడాది వయసు పిల్లలు కూడా ముగ్గురు ఉన్నారు. నాటకం చూసి నవ్వి ఇంటికి పోయినవాడికి ఈ లెక్క తెలియదు. పుస్తకం చదివినవాడికే తెలుస్తుంది. తెలిసిన తరువాత ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది.

అదే ముందుమాటలో ఇంకొక మాట ఉంది. జనంలో చదివే అలవాటు పెరిగేదాకా మంచి మాట చెప్పడానికి రంగస్థలమే దిక్కు అనే అర్థంలో ఆయన రాశారు. అయితే తమాషా చూడండి. 1909లో ఆయన రెండవ కూర్పు వేసినప్పుడు నాటకాన్ని ఎంతగానో పెంచి, దాదాపు కొత్తగా రాశారు. అది ఎంత పెద్దదంటే, ఆడేవాళ్ళు దాన్ని కోసి కుదించి ఆడక తప్పదు. మరి ఆ పుస్తకాన్ని మొత్తంగా అనుభవించింది ఎవరు? చదువరులే. గిరీశాన్నీ, మధురవాణినీ ఈ రోజు మన చుట్టాల్లాగా తలుచుకుంటున్నాం. మనలో ఎంతమంది ఆ నాటకాన్ని స్టేజీ మీద పూర్తిగా చూశారు? 1955లో వచ్చిన సినిమా చూసినవాళ్ళు చాలామంది ఉండవచ్చు. కానీ అసలు మాట, అసలు రుచి పుస్తకంలో ఉంది. చదివే అలవాటు లేదని రంగస్థలాన్ని నమ్ముకున్న మనిషి, చివరికి చదువరులకు ఒక గొప్ప పుస్తకం ఇచ్చి వెళ్ళారు.

ఇంగ్లండులో బెర్నార్డ్ షా కథ మరొక రకం. మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్ అనే నాటకాన్ని ఆడటానికి అక్కడి సర్కారు అనుమతి ఇవ్వలేదు. ఆయన ఊరుకోలేదు. 1898లో తన నాటకాలను రెండు సంపుటాలుగా అచ్చు వేయించి, పొడవాటి పీఠికలు జోడించారు. పాత్ర ఎలా ఉంటుంది, గదిలో ఏ వస్తువు ఎక్కడ ఉంది అన్నదంతా నవలలో లాగా రాశారు. తెర లేవకపోయినా నాటకం జనంలోకి పోయింది. ఆ నాటకాన్ని అక్కడ అనుమతితో బహిరంగంగా ఆడింది 1925లో. అంటే సుమారు 27 ఏళ్ళు అక్కడి జనానికి అది ఎక్కువగా పుస్తకంగానే అందింది.

మన సరిహద్దులో నాటకానికి పెద్ద పీట వేసిన ఊరు బళ్ళారి. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు అక్కడి వకీలు. విషాద సారంగధర వంటి నాటకాలు రాసి, తెలుగులో విషాదాంతానికి దారి తీశారు. చారిత్రక నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావుగారు కూడా అక్కడి వకీలే. ప్రపంచ నాటక చరిత్ర మీద 1908లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. ధర్మవరంవారి మేనల్లుడే మహానటుడు బళ్ళారి రాఘవ. 1946లో రాఘవగారు కన్నుమూశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. గీత ఇటు పడిందా అటు పడిందా అన్నది మనుషుల లెక్క. నాటకం పుస్తకానికి ఆ గీత లేదు. రాఘవగారు స్టేజీ మీద నడిచిన నడకను మనం తిరిగి చూడలేం. ఆయన పలికిన మాటలున్న పుస్తకం దొరికితే మాత్రం ఇప్పుడే తెరిచి చదువుకోగలం.

మన పక్కింటి కన్నడం దగ్గర నేర్చుకోవలసినది కూడా ఉంది. టి. పి. కైలాసం తన నాటకాలను తానే కూర్చుని రాసింది తక్కువ. ఆయన చెబుతుంటే స్నేహితులు రాసుకునేవారు. ఆ రాసుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆయన మాటల చమత్కారం మనదాకా వచ్చింది. మన మాలూరు తాలూకాకు చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ కథలతో పాటు కాకనకోటె వంటి నాటకాలు రాశారు. గిరీశ్ కర్నాడ్ తుఘ్లక్ 1964లో వచ్చింది. దాన్ని స్టేజీ మీద చూసినవాళ్ళకంటే పుస్తకంలో చదివినవాళ్ళే ఎక్కువమంది నాకు తెలుసు. కర్నాడ్ నాటకాలను తెలుగులోకి తెచ్చిన భార్గవీరావు పుట్టింది బళ్ళారిలోనే.

సినిమా మాటకు వద్దాం. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత సినిమా పాటల పుస్తకాలు ఒక కట్ట ఉండేది. హాలు దగ్గర పైసలకు అమ్మేవారు. నాలుగు పేజీల్లో కథ మొదలుపెట్టి, సరిగ్గా ముడి పడే చోట ఆపేసి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. చదివే కోరికను రేపి చూసే చోటికి పంపే ఉపాయం అది. దానికి ఎదురు నడక వెండితెర నవలలది. సినిమా చూసివచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చుని మళ్ళీ చదువుకునేందుకు అవి వచ్చాయి. ముళ్ళపూడి వెంకటరమణగారు వాటిని సాహిత్యమే అనిపించేలా రాశారు. 1957 నాటి మాయాబజార్ సినిమాను రావి కొండలరావుగారు అలాగే పుస్తకం చేశారు. 1975లో ముత్యాలముగ్గు వచ్చినప్పుడు ఆ మాటలను రికార్డులుగా వేస్తే జనం ఇళ్ళల్లో పెట్టుకుని విన్నారు. బొమ్మ లేకుండా మాట మాత్రమే నిలబడగలదని దీనివల్ల తెలుస్తుంది. సినిమాలో మాట గబగబా వెళ్ళిపోతుంది. పుస్తకంలో అది ఆగుతుంది. ఇక్కడ ఈ మాటే ఎందుకు వేశారు, ఇక్కడ ఎందుకు మౌనంగా వదిలారు అని మనం నిదానంగా చూసుకోవచ్చు.

అయితే నాటకం పుస్తకం చదవడం కష్టం అనేవాళ్ళున్నారు. నిజమే, నవల చదివినట్టు చదివితే కష్టమే. నాకు తెలిసిన ఉపాయం చెబుతాను. ముందుగా పాత్రల పట్టిక దగ్గర ఒక నిమిషం నిలవండి. ఎవరు ఎవరికి ఏమవుతారో మనసులో పెట్టుకోండి. కుండలీకరణాల్లో ఉండే సూచనలను దాటేయకండి. నటుడి కన్నూ చేయీ వాటిలోనే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, పైకి చదవండి. ఇంట్లో నలుగురుంటే నాలుగు పాత్రలు పంచుకోండి. ముసలమ్మకు ముసలి పాత్రే ఇవ్వాలని లేదు, మనవడి పాత్ర ఇచ్చి చూడండి.

మా బడిలో ఒకసారి ఈ పని చేశాను. పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఒక చిన్న తెలుగు ప్రహసనంలో ఒక రంగం తీసుకుని నల్లబల్ల మీద కన్నడ అక్షరాల్లో రాశాను. పాత్రలు పంచాను. మొదటి పేజీకే తరగతి గొల్లుమంది. "సార్, ఇది మా అవ్వ మాట్లాడే మాట. బుక్కులో కూడా ఇట్లే ఉంటుందా?" అన్నది ఒక పిల్ల. అంతవరకు తెలుగు అంటే ఇంట్లో మాట్లాడేది, పుస్తకానికి తగనిది అని ఆ పిల్ల అనుకుంది. మరుసటి వారం అసలు పుస్తకం చూపించమన్నారు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కదా, తలకట్టు తేడా నాలుగు రోజుల్లో పట్టుకున్నారు. వ్యాకరణం పుస్తకం చేయలేని పనిని ఒక నాటకం చేసింది. ఎందుకంటే నాటకంలో ఉండేది మాట్లాడే భాష. నోటికి వచ్చిన భాషనుంచి కంటికి వచ్చే భాషకు అంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. భూమిలో మిగిలిన బంగారం ఎక్కడికీ పోదు, ఇంకో వందేళ్ళకైనా తవ్వుకోవచ్చు. మా పెద్దాయన నోటుపుస్తకం అలాంటిది కాదు. తూకానికి పోయిన మాటను ఏ యంత్రమూ తవ్వి తీయలేదు.

అందుకే మీకు ఒక మనవి. మీ ఊళ్ళో నాటకం నేర్పిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళ పెట్టెలో అట్ట ఊడిన పుస్తకం ఉంటుంది. ఏ లిపిలో ఉన్నా సరే, ఈ ఆదివారమే వెళ్ళి కూర్చోండి. ఒక పేజీ చదివించుకోండి, ఒక పేజీ రాసుకోండి. మీ చేతిలో ఫోను ఉంటే ఫోటో తీసుకోండి. సెలవులు వచ్చేదాకా ఆగకండి. నేను ఆగి చూశాను.