1911లో భారతదేశం: కలకత్తా కేంద్రంగా జరిగిన సంఘటనలు

1911వ సంవత్సరం ఆధునిక భారత చరిత్రలో బెంగాల్ విభజన రద్దయిన ఏడాదిగా, బ్రిటిష్ ఇండియా రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి తరలించాలని నిర్ణయించిన ఏడాదిగా ప్రసిద్ధమైనది. 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టం గవర్నర్ జనరల్ పదవిని ఏర్పరచిన నాటి నుంచి పాలనాకేంద్రంగా ఉన్న కలకత్తా (నేటి కోల్‌కతా) ఈ ఏడాది చివర ఆ హోదాను కోల్పోయింది. అయితే ప్రభుత్వం ఇక మార్చబోనని పదేపదే ప్రకటించిన నిర్ణయాన్ని ప్రజాందోళన మార్పించగలదని రుజువైనదీ, భావి జాతీయగీతం తొలిసారి వినిపించినదీ ఆ ఏడాదే, ఆ నగరం చుట్టూనే. తెలుగువారి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి ప్రేరణనిచ్చిన పరిణామాలలో కూడా 1911 నాటి నిర్ణయాలకు ముఖ్యమైన స్థానం ఉంది.

నేపథ్యం

వైస్రాయి కర్జన్ 1905 అక్టోబరు 16న బెంగాల్‌ను రెండుగా విభజించి, తూర్పు జిల్లాలను అస్సాంతో కలిపి ఢాకా రాజధానిగా కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేశాడు. పాలనా సౌలభ్యమే దీనికి కారణమని ప్రభుత్వం చెప్పినా, ఒకే భాష మాట్లాడే ప్రజలను చీల్చి, కలకత్తా విద్యావంతుల రాజకీయ ప్రాబల్యాన్ని తగ్గించడమే అసలు ఉద్దేశమని జాతీయవాదులు భావించారు. ఫలితంగా విదేశీ వస్తువులను బహిష్కరించి దేశీయ వస్తువులనే వాడాలనే స్వదేశీ ఉద్యమం తలెత్తి, బెంగాల్ ఎల్లలు దాటి వ్యాపించింది. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, మచిలీపట్నాలలో చేసిన ఉపన్యాసాలు తెలుగు జిల్లాలను కదిలించాయి; రాజమహేంద్రవరం ట్రైనింగు కళాశాలలో వందేమాతర నినాదం చేసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యాడు. విభజన స్థిరపడిన వ్యవహారమనీ, దానిని తిరగదోడబోమనీ భారత వ్యవహారాల మంత్రి జాన్ మార్లే ప్రకటించినా, సురేంద్రనాథ్ బెనర్జీ వంటి నాయకులు ఆందోళనను విడిచిపెట్టలేదు.

సంవత్సరారంభం: శాసనాలు, జనగణన

ఆ రోజుల్లో ప్రభుత్వం వేసవిని సిమ్లాలో గడిపి శీతకాలంలో కలకత్తాకు చేరేది కనుక, కేంద్ర శాసనమండలి సమావేశాలు కలకత్తాలోనే జరిగేవి. గోపాలకృష్ణ గోఖలే మార్చి 16న ఆ మండలిలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టాడు. ప్రభుత్వ అనుమతితో స్థానిక సంస్థలు తమ పరిధిలో ఆరు నుంచి పది సంవత్సరాల వయసుగల బాలురకు చదువును నిర్బంధం చేసే వీలు కల్పించడం దాని సారాంశం. అదే నెలలో జరిగిన జనగణన ఆ బిల్లు అవసరాన్ని అంకెలలో చూపింది: సంస్థానాలతో కలిపి దేశ జనాభా సుమారు 31.5 కోట్లు కాగా, వారిలో అక్షరాస్యులు వెయ్యికి దాదాపు 59 మంది మాత్రమే. అయినా 1912 మార్చిలో అధికార సభ్యుల మెజారిటీతో బిల్లు వీగిపోయింది.

సుమారు 9 లక్షల జనాభాతో ఉన్న కలకత్తా నగరానికి సంబంధించి, ఇరుకు బస్తీలను తొలగించి కొత్త వీధులు వేయడానికి ఒక ట్రస్టును ఏర్పరచే కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ చట్టం ఈ ఏడాదే వచ్చింది. జనపనార, నూలు మిల్లుల కార్మికులకు వర్తించే కొత్త ఫ్యాక్టరీల చట్టం, వస్త్ర కర్మాగారాలలో వయోజన పురుషుల పనివేళలకు తొలిసారిగా రోజుకు 12 గంటల పరిమితి విధించింది. ఇతర ప్రాంతాలలో, ఫిబ్రవరి 18న ఫ్రెంచి వైమానికుడు ఆన్రీ పెకే అలహాబాదు నుంచి యమునానది మీదుగా నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేశాడు. ప్రపంచంలో అధికారికంగా జరిగిన మొదటి విమాన తపాలాగా దీనిని పరిగణిస్తారు. జూన్ 17న తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ మణియాచ్చి రైల్వే స్టేషనులో కాల్చి చంపడం, జూలైలో వినాయక దామోదర సావర్కర్‌ను అండమాన్ జైలుకు చేర్చడం విప్లవోద్యమ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. స్వదేశీ ఉద్యమానికి అండగా నిలిచిన సోదరి నివేదిత అక్టోబరు 13న డార్జిలింగ్‌లో మరణించింది.

మోహన్ బగాన్ విజయం

జూలై 29న కలకత్తా మైదానంలో జరిగిన ఐ.ఎఫ్.ఏ. షీల్డు అంతిమ పోటీలో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టును 2–1 తేడాతో ఓడించి, ఆ షీల్డును గెలిచిన మొదటి భారతీయ జట్టు అయింది. 1889లో స్థాపితమైన ఈ క్లబ్బు ఆటగాళ్ళలో సుధీర్ చటర్జీ ఒక్కడే బూట్లు తొడుక్కోగా, తక్కినవారంతా వట్టి కాళ్ళతో ఆడారు. మొదట సైనిక జట్టు ఒక గోలు చేసి ముందంజ వేసినా, నాయకుడు శివదాస్ భాదురి స్కోరును సమం చేయగా, అభిలాష్ ఘోష్ చివరి నిమిషాలలో విజయపు గోలు సాధించాడు. ఈ పోటీని చూడడానికి వేలాది మంది రైళ్ళలో, స్టీమర్లలో తరలివచ్చారు. బెంగాలీలు శరీర దారుఢ్యం లేని జాతి అని పాలకవర్గం ప్రచారం చేస్తున్న కాలంలో, విభజన గాయం ఇంకా మానని నగరంలో వచ్చిన ఈ గెలుపును హిందువులూ ముస్లిములూ కలిసి జాతి విజయంగా జరుపుకున్నారు. జూలై 29ని నేటికీ మోహన్ బగాన్ దినోత్సవంగా పాటిస్తున్నారు.

రాజధాని మార్పు, విభజన రద్దు

వైస్రాయి హార్డింజ్ ప్రభుత్వం ఆగస్టు 25న లండన్‌కు పంపిన రహస్య లేఖలో రెండు ప్రతిపాదనలు చేసింది. మొదటిది రాజధానిని ఢిల్లీకి మార్చడం. రెండవది బెంగాలీ భాషా ప్రాంతాలను తిరిగి కలపడం. దేశానికి ఒక మూలన ఉన్న కలకత్తాలో కేంద్రప్రభుత్వమూ రాష్ట్రప్రభుత్వమూ ఒకేచోట ఉండడం వల్ల స్థానిక రాజకీయాల ఒత్తిడి కేంద్రంపై ఎక్కువగా పడుతున్నదనీ, మొగలుల రాజధానిగా ఢిల్లీకి చారిత్రక ప్రతిష్ఠ ఉన్నదనీ, విభజన రద్దుతో నిరాశపడే ముస్లిములకు ఆ మార్పు కొంత ఊరట కలిగిస్తుందనీ అందులో వాదించారు. భారత వ్యవహారాల మంత్రి క్రూ నవంబరు 1న దీనికి ఆమోదం తెలిపినా, విషయం చివరి వరకూ బయటికి పొక్కలేదు.

డిసెంబరు 2న బొంబాయిలో దిగిన ఐదవ జార్జి చక్రవర్తి, డిసెంబరు 12న ఢిల్లీలో జరిగిన పట్టాభిషేక దర్బారులో, అంటే సంస్థానాధీశులూ ఉన్నతాధికారులూ చక్రవర్తికి విధేయత ప్రకటించే కొలువులో, ఈ రెండు నిర్ణయాలనూ స్వయంగా వెల్లడించాడు. తూర్పు, పశ్చిమ బెంగాల్‌లు గవర్నరు పాలనలో ఒకే ప్రెసిడెన్సీగా ఏకమయ్యాయి. బీహారు, ఒరిస్సా ప్రాంతాలను బెంగాల్ నుంచి వేరుచేసి లెఫ్టినెంట్ గవర్నరు కింద కొత్త రాష్ట్రంగా రూపొందించారు. అస్సాం చీఫ్ కమిషనరు పాలనలోకి వెళ్ళింది. 1912 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ ఏర్పాటులో బెంగాల్‌కు తొలి గవర్నరుగా, అప్పటివరకు మద్రాసు గవర్నరుగా ఉన్న కార్‌మైకేల్ నియమితుడయ్యాడు.

విభజన రద్దును బెంగాలీ జాతీయవాదులు హర్షించగా, కలకత్తాలోని యూరోపియన్ వర్తకులు రాజధాని తరలింపును తీవ్రంగా నిరసించారు. ఢాకా నవాబు సలీముల్లా సహా తూర్పు బెంగాల్ ముస్లిం నాయకులు తమ రాష్ట్రం రద్దుకావడంతో నిరాశపడ్డారు. 1912 జనవరిలో హార్డింజ్ వారికి ఇచ్చిన హామీ మేరకు 1921లో ఢాకా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది.

కాంగ్రెసు మహాసభ, జనగణమన

దర్బారు జరిగిన రెండు వారాలకు కలకత్తాలో బిషన్ నారాయణ్ దర్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు 26వ మహాసభలో, డిసెంబరు 27న, రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన జనగణమన గీతాన్ని తొలిసారి బహిరంగంగా ఆలపించారు. అదే సభలో చక్రవర్తికి స్వాగతం చెప్పే మరొక పాటను కూడా పాడడంతో, కొన్ని ఆంగ్ల పత్రికలు రెండింటినీ కలగాపులగం చేసి ఠాగూర్ గీతం చక్రవర్తి స్తుతి అని రాశాయి. ఆ గీతంలో సంబోధించినది యుగయుగాలుగా భారత భాగ్యాన్ని నడిపించే దైవాన్నేనని ఠాగూర్ తరువాతి కాలంలో స్పష్టం చేశాడు. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసినప్పుడు ఆయన ఈ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించగా, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చింది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దీనిని జాతీయగీతంగా స్వీకరించింది.

తెలుగు నాట ప్రభావం

బెంగాలీలను ఒకే పాలన కిందికి తేవడం, బీహారుకు ప్రత్యేక ప్రతిపత్తి కల్పించడం మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు నాయకులను ఆలోచింపజేశాయి. రాష్ట్రాలకు క్రమంగా స్వపరిపాలన ఇవ్వాలన్న ఆగస్టు లేఖలోని మాట బయటపడిన తరువాత, తమిళుల ఆధిక్యం గల మద్రాసులో తెలుగు జిల్లాల భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్న మరింత బలపడింది. 1912లో నిడదవోలులో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ప్రతినిధుల సభలో తెలుగువారి ఐక్యత చర్చకు రాగా, 1913లో బాపట్లలో బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ సమావేశమైంది. కొండా వెంకటప్పయ్య ప్రభృతులు నడిపిన ఆ ఉద్యమం అనేక దశలు దాటి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రావతరణకు దారితీసింది.

అంచనా

కేంద్ర కార్యాలయాలు 1912లో ఢిల్లీకి తరలగా, కొత్తగా నిర్మించిన న్యూఢిల్లీ 1931 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. రాజధాని హోదా పోయినా కలకత్తా వాణిజ్య, విద్యా, సాహిత్య కేంద్రంగా కొనసాగింది; విశాఖపట్నంలో బాల్యవిద్య నేర్చి, 1911లో ఆర్థికశాఖ ఉద్యోగిగా ఈ నగరానికి తిరిగివచ్చిన చంద్రశేఖర వెంకట రామన్, ఇక్కడి పరిశోధనలకే 1930లో నోబెల్ బహుమతి పొందాడు. తూర్పు, పశ్చిమ బెంగాల్‌ల ఐక్యత 1947 దేశవిభజనతో మళ్ళీ చెదిరింది. అయినప్పటికీ, భాషా ప్రాతిపదికపై ప్రజలు కోరిన ఏకీకరణను సామ్రాజ్య ప్రభుత్వం అంగీకరించక తప్పని మొదటి సందర్భంగా 1911 నిలిచింది. స్వతంత్ర భారతంలో భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటుకు బలమైన పూర్వరంగం ఆ ఏడాదే ఏర్పడింది.