మూడు మహమ్మారులు, ఒక కూలి హక్కు

షాద్‌నగర్ 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనలో రంగారెడ్డిలో కలిసింది. మ్యాపు మీది ఈ మార్పు కన్నా పెద్ద మార్పు అప్పటికే అక్కడ మొదలైంది. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలుకొని ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ కనబడేది. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోయేవి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక బెంగళూరు హైవే వెంట ఫ్యాక్టరీలు, గోదాములు, వెంచర్లు ఇంకా చిక్కబడ్డాయి. కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్‌లకు బిహార్, ఒడిశా, జార్ఖండ్ కూలీలు పని వెతుక్కుంటూ వచ్చారు. కూలీలను పంపిన నేలే కూలీలను రప్పించుకునే నేల అయింది. మధ్యలో నిలబడ్డ మేస్త్రీ మాత్రం అలాగే ఉన్నాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ దారిలో ఏం జరిగిందో అర్థం కావాలంటే అంతకు ముందు రెండు మహమ్మారుల్లో కూలీకి ఏం దక్కిందో, ఏం దక్కలేదో చూడాలి. రోగం వచ్చినప్పుడు కూలీ విలువ అందరికీ తెలిసొస్తుంది. అయితే దాన్ని పట్టుకుని కాగితం మీద పెట్టించే సంఘం లేకపోతే, రోగంతో పాటే ఆ విలువా పోతుందని నా వాదన.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. ఆ నగరానికి తెలుగువాళ్లు కొత్త కాదు. నిజాం రాజ్యం నుంచి వెళ్లి రాళ్లు మోసి, ఇళ్లు కట్టిన కామాటీల పేరు మీదే కామాటిపురా వెలిసింది.  ప్లేగుకు, అంతకు మించి ప్లేగు అధికారుల తనిఖీలకు జడిసి జనం లక్షల్లో ఊరు విడిచారు. ప్రభుత్వం 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నాలుగే సెక్షన్ల ఆ చిన్న చట్టంలో అధికారులకు అధికారాలున్నాయి, వాళ్లకు రక్షణ ఉంది. పని పోయిన వాడి కూలి గురించి ఒక్క మాట లేదు. అయినా కూలీకి ఆ కొద్ది నెలలు గిరాకీ వచ్చింది. నెల జీతం కోసం వారాల తరబడి ఎదురుచూసిన మిల్లు కార్మికుడికి ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాల్సి వచ్చింది. యజమానులు వీధి మొగల్లో ఒకరి మీద ఒకరు పోటీపడి కూలీలను పిలుచుకున్నారు. ప్లేగు సద్దుమణిగాక ఆ రోజు కూలి పద్ధతీ పోయింది. మిల్లు కార్మికులను మొదట కూడగట్టిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1897లో ఆ ప్లేగుకే బలయ్యాడు. దక్కిన దాన్ని నిలబెట్టే సంఘం అప్పటికి బలంగా లేదు.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కథ వేరు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మద్రాసులో బి.పి. వాడియా, తిరు.వి.క. ప్రభృతుల పూనికతో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేసిన కొద్ది నెలలకే, 1919 జనవరిలో బొంబాయి మిల్లుల్లో లక్ష మందికి పైగా సమ్మె కట్టారు. 1920లో ఏఐటీయూసీ పుట్టింది, 1922 ఫ్యాక్టరీ చట్టం వారానికి 60 గంటలకు మించి పని చేయించకూడదంది, 1926లో కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. ఇదంతా ఇన్‌ఫ్లుయెంజా వల్లనేనా, యుద్ధం తెచ్చిన ధరల మంట, రష్యా విప్లవం కారణం కావా అని అడగవచ్చు. నిజమే, రోగం ఒక్కటే అయితే ఏమీ జరిగేది కాదు. నేను చెప్పేదీ అదే. ప్లేగులోనూ చావులున్నాయి, కూలీల కొరతా ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత వాటికి సంఘం తోడైంది. నిజాం రాజ్యానికి ఆ గాలి ఆలస్యంగా సోకింది. మఖ్దూం మొహియుద్దీన్ నాయకత్వంలో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడేసరికి 1946 వచ్చేసింది. అది కూడా ప్రధానంగా మిల్లులు, గనుల దగ్గరే నిలిచింది. మేస్త్రీ వెంట వెళ్లే పాలమూరు కూలీ దాకా చేరలేదు.

ఆ కూలీ కోసం రావాల్సిన చట్టం 1979లో వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి బయటి రాష్ట్రాలకు తీసుకుపోయే ఒడిశా దాదన్ కూలీల దుస్థితి దానికి నేపథ్యం. ఆ అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చదవడానికి బాగుండేది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి, వచ్చి పోయే ఖర్చులు పెట్టాలి, ఊరు వదిలినందుకు నెల కూలిలో సగమో 75 రూపాయలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి అని అందులో ఉండేది. మెలిక పేరులోనే ఉండేది. రాష్ట్రం సరిహద్దు దాటితేనే వలస. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ నుంచి ఎంత దూరపు ప్రాజెక్టుకు వెళ్లినా, అది రాష్ట్రంలోనే ఉంటే ఆ పాస్‌బుక్కు వచ్చేది కాదు. సొంతంగా రైలెక్కి వచ్చిన వాడికీ వచ్చేది కాదు. కాగితం మీద ఉన్న పాస్‌బుక్కు అడ్డా మీద ఎప్పుడూ కనబడలేదు. కనబడిందల్లా అడ్వాన్సులు, కోతలు రాసుకున్న మేస్త్రీ చేతిపుస్తకమే.

కరోనా లాక్‌డౌన్‌తో పనులు ఆగిపోయాక, 2020 మార్చి ఆఖరున తెలంగాణ రాష్ట్రం వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం లేదా గోధుమపిండి, 500 రూపాయలు ప్రకటించింది. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. చాలా రాష్ట్రాలు నోరు మెదపని రోజుల్లో వచ్చిన సాయం అది. వామపక్షాలు, పౌర సంఘాలు, మసీదులు, గురుద్వారాలు వండి పెట్టిన అన్నమూ అంతే. కానీ బియ్యం సంచి దయ, ఆగిపోయిన కూలి బాకీ. ఆ తేడాను ముందుగా గుర్తు చేసింది కూలీలే. సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ నిర్మాణ పనుల కూలీలు ఏప్రిల్ 29న కూలి డబ్బు కోసం, ఇంటిదారి కోసం తిరగబడ్డారు. రెండు రోజులకే, సరిగ్గా మేడే నాడు, తెల్లవారకముందే లింగంపల్లి నుంచి దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల కోసం దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. దానికి దాదాపు రెండు వారాల ముందే, ములుగు జిల్లాలో మిరప కోతకు వచ్చి, ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి నడిచి వెళ్తూ పన్నెండేళ్ల బాలిక ఒకతె దారిలో ప్రాణం విడిచింది. ఆమె నడిచినప్పుడు రైలు లేదు. కంది కూలీలు తిరగబడ్డాక వచ్చింది.

పని మొత్తంగా ఆగిపోయినప్పుడు కూలీకి బేరమాడే బలం ఎక్కడిదని ఒక అభ్యంతరం. మే మొదటి వారం చూడండి. బిల్డర్లతో సమావేశం తర్వాత కర్ణాటక ప్రభుత్వం శ్రామిక్ రైళ్లను రద్దు చేసి, గోల పెరిగాక మళ్లీ నడిపింది. అక్కర్లేని వాళ్లను ఎవరూ కట్టిపడేయరు. ఇక్కడ యాసంగి ధాన్యం రైస్ మిల్లులకు పోటెత్తింది, ఎత్తి దించే హమాలీలు లేరు. మే 8న బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందలకు పైగా హమాలీలు రైల్లో లింగంపల్లిలో దిగితే, మంత్రి గంగుల కమలాకర్ ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. వారం కింద వెళ్లిపోనిచ్చిన చోటే స్వాగత సత్కారాలు! గిరాకీ ఉంది, బలమూ ఉంది. దాన్ని ఒప్పందంగా రాయించే వాళ్లు లేరు.

ఇక యజమానుల వాదన. ఉత్పత్తి లేకుండా జీతాలెలా ఇస్తారు, చిన్న ఫ్యాక్టరీ మూతపడితే కూలీకే కదా నష్టం? ఇందులో నిజం ఉంది. కోతలు లేకుండా జీతాలివ్వాలని మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వును కేంద్రం మే నెలలో వెనక్కి తీసుకుంది. సుప్రీంకోర్టు జూన్ 12న యజమానులూ కార్మికులూ కూర్చుని తేల్చుకోమంది. కూర్చోవడానికి రెండు వైపులా మనుషులుండాలి. ఠేకేదారు ఫోన్ ఎత్తని కూలీ ఎవరితో కూర్చుంటాడు? రాష్ట్రంలో సంఘాల పరిస్థితీ గొప్పగా లేదు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసి, చేతికి ఏమీ రాకుండానే విధుల్లో చేరారు. ఆ వెంటనే రెండేళ్లు యూనియన్లు వద్దని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేశారు. పర్మినెంటు కార్మికుడికే సంఘం అక్కర్లేదన్న రాష్ట్రంలో కొత్తూరు షెడ్డులోని ఒడిశా కూలీకి సంఘం ఎక్కడిది? ఇందులో ప్రగతిశీల రాజకీయాల వాటా కూడా ఉంది. అన్నం పెట్టడంలో, కోర్టుకెక్కడంలో చూపిన చురుకు అడ్డాల మీద సభ్యత్వం రాయించడంలో అంతకు ముందు ముప్పై ఏళ్లలో చూపలేదు.

ఫలితం పార్లమెంటులో కనబడింది. వలస కార్మికులు ఎందరు చనిపోయారో లెక్కలు లేవని 2020 సెప్టెంబరులో కార్మిక శాఖ లోక్‌సభకు చెప్పింది. అదే నెలలో, ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉండగా, మూడు లేబర్ కోడ్‌లు ఆమోదం పొందాయి. సొంతంగా వలస వచ్చిన వాణ్నీ వాటిలో ఒక కోడ్ వలస కార్మికుడిగా గుర్తించింది. 1979 నాటి తప్పును దిద్దిన ఈ మేలును ఒప్పుకోవాలి. అదే చేత్తో ఐదుగురు కూలీలున్న చోట వర్తించే నిబంధనను పది మందికి పెంచింది, ఊరు వదిలినందుకు ఇచ్చే భత్యాన్ని తీసేసింది. ఆ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. ఈలోగా 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ మొదలై కోట్ల మంది నమోదయ్యారు. ఆ కార్డు మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది, చేసే పని పేరు ఉంటుంది. ఎవరి దగ్గర చేస్తున్నాడో, ఎన్నాళ్ల కూలి రావాలో ఉండదు. ఆ లెక్క ఇప్పటికీ మేస్త్రీ చేతిపుస్తకంలోనే ఉంది.