లింగాయెన్

లింగాయెన్ ఫిలిప్పీన్స్ దేశములోని పంగసినాన్ ప్రావిన్సునకు ముఖ్యపట్టణము. ఇది లుజోన్ ద్వీపపు పశ్చిమ తీరమున, లింగాయెన్ అఖాతమునకు దక్షిణపు ఒడ్డున ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారము పట్టణ జనాభా 1,07,728. ప్రావిన్సు రాజధాని అయినప్పటికీ దీనికి నగర హోదా లేదు. పరిపాలనాపరముగా ఇది ఒక మునిసిపాలిటీ మాత్రమే.

== భౌగోళికము ==

పట్టణము ఒకవైపు సముద్రమునకు, మరొకవైపు ఆగ్నో నది పాయలకు నడుమ గల పల్లపు ప్రాంతములో విస్తరించి ఉన్నది. విస్తీర్ణము సుమారు 62.76 చదరపు కిలోమీటర్లు. తూర్పున బిన్మలే, దక్షిణమున బుగల్లోన్, పశ్చిమమున లాబ్రడార్ పట్టణములు కలవు. పంగసినాన్ అను పేరునకు "ఉప్పు తయారగు చోటు" అని అర్థము. చేపలను ఉప్పులో ఊరబెట్టి తయారుచేయు బగూంగ్ అను పదార్థమునకు లింగాయెన్ ప్రసిద్ధి చెందినది.

== చరిత్ర ==

=== స్పెయిన్ పాలన ===

1574 నవంబరులో మనీలాపై దాడి చేసి విఫలుడైన చైనా సముద్రపు దొంగ లిమహోంగ్ ఈ తీరమునకు వచ్చి కోట కట్టుకొనెను. 1575లో స్పెయిన్ సేనాని హువాన్ దె సల్సేదో అతని ఓడలను తగులబెట్టి, కోటను కొన్ని నెలలపాటు ముట్టడించెను. లిమహోంగ్ లోపల కొత్త పడవలు కట్టించి, కాలువ త్రవ్వించి సముద్రములోనికి తప్పించుకొనెను. ఆ కాలువను నేటికీ అతని పేరుతోనే పిలుతురు.

1614లో అగస్టీనియన్ మతగురువులు పట్టణమును స్థాపించిరి. ప్రావిన్సు పాలకుడైన అల్కాల్దే మయోర్ ఇక్కడ నుండియే పాలించెడివాడు. 1762లో మనీలా ఆంగ్లేయుల వశమైన సమయమున, పన్నుల భారమును, అధికారుల అక్రమములను సహించలేక హువాన్ దె లా క్రూజ్ పలారిస్ నాయకత్వమున బినలతోంగన్ (నేటి శాన్ కార్లోస్) ప్రజలు తిరుగుబాటు చేసిరి. తిరుగుబాటు అణచివేయబడిన పిదప 1765 ఫిబ్రవరిలో పలారిస్‌ను లింగాయెన్‌లో బహిరంగముగా ఉరితీసిరి. రాజధాని అగుటచేతనే శిక్షను అమలుపరచు స్థలము కూడ ఇదియే అయినది.

=== రైలుమార్గము, దగుపాన్ ఎదుగుదల ===

1892లో పూర్తియైన మనీలా రైలుమార్గము లింగాయెన్ వరకు రాక, తూర్పున ఉన్న దగుపాన్‌తో ఆగిపోయినది. దానితో వర్తకము క్రమముగా దగుపాన్‌కు తరలినది. 1947లో దగుపాన్ నగరమైనది. అయినను ప్రావిన్సు కార్యాలయములు లింగాయెన్‌లోనే నిలిచినవి.

=== అమెరికా పాలన, రెండవ ప్రపంచయుద్ధము ===

అమెరికా పాలనలో, 1910ల చివరి సంవత్సరములలో, రాల్ఫ్ హారింగ్టన్ డోన్ రూపకల్పనలో సముద్రపు ఒడ్డుకు దగ్గరగా ప్రావిన్సు కాపిటల్ భవనము నిర్మింపబడినది. 1941 డిసెంబరు 22న జపాను ప్రధాన సేన ఈ అఖాతపు తూర్పు తీరమున దిగినది. 1945 జనవరి 9న అమెరికా ఆరవ సైన్యము అఖాతపు దక్షిణ తీరమున దిగి మనీలా వైపు సాగినది. అందులోని 14వ కోర్ లింగాయెన్ తీరముననే దిగినది. యుద్ధములో దెబ్బతిన్న కాపిటల్ భవనము తరువాత పునర్నిర్మింపబడినది.

== స్థానిక పరిపాలన ==

లింగాయెన్‌లో రెండు స్థాయిల ప్రభుత్వములు పనిచేయును. కాపిటల్ భవనమునుండి గవర్నరు 44 మునిసిపాలిటీలు, 3 అనుబంధ నగరములు గల ప్రావిన్సును పాలించును. దగుపాన్ స్వతంత్ర నగరమగుటచే గవర్నరు అధికారము దానిపై లేదు. అక్కడి ఓటర్లు గవర్నరు ఎన్నికలో పాల్గొనరు.

పట్టణ వ్యవహారములను మేయరు చూచును. శాసన నిర్మాణము సంగ్గునియాంగ్ బయాన్ అను పురపాలక మండలిది; దీనికి ఉపమేయరు అధ్యక్షత వహించును. ఇందు 8 మంది ఎన్నికైన సభ్యులతోపాటు బరంగాయ్ అధ్యక్షుల సంఘమునకు, యువజన మండలుల సమాఖ్యకు ప్రతినిధులుందురు. పదవీకాలము మూడేండ్లు, ఒకే పదవికి వరుసగా మూడుసార్లకు మించి ఎన్నికగుటకు వీలులేదు. పట్టణములో 32 బరంగాయ్‌లు (అతిచిన్న పాలనా విభాగములు) కలవు.

1991 స్థానిక ప్రభుత్వ చట్టము ప్రకారము జాతీయ పన్నులనుండి స్థానిక సంస్థలకు చేరు మొత్తములో ప్రావిన్సులకు 23 శాతము, నగరములకు 23 శాతము, మునిసిపాలిటీలకు 34 శాతము, బరంగాయ్‌లకు 20 శాతము లభించును. నగరములు దేశములో దాదాపు 150 మాత్రమే ఉండగా మునిసిపాలిటీలు వాటికి సుమారు పదిరెట్లున్నవి. కావున నగర హోదా పొందిన పట్టణమునకు వచ్చు వాటా బాగుగా పెరుగును. హోదాకు ఏటా 10 కోట్ల పెసోల స్థానిక ఆదాయము (2000 నాటి ధరల ప్రకారము), దానితోపాటు లక్షన్నర జనాభా గాని, 100 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గాని ఉండవలెనని 2001 సవరణ నిర్దేశించినది. లింగాయెన్ జనాభా, విస్తీర్ణము రెండును ఆ పరిమితులకు లోపుగానే ఉన్నవి. 2022 సవరణ ఆ ఆదాయము గల పట్టణములకు ఈ రెండు నియమములనుండి మినహాయింపునిచ్చినది. రాజధాని అగుట మాత్రము హోదాకు అర్హత కాదు.

== ప్రముఖులు ==

* ఫిడెల్ రామోస్ (1928–2022): ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు (1992–1998). లింగాయెన్‌లో జన్మించెను.