చెట్టు వంగితే ఏరు దాటిన ఊరు

తమిళంలో ఆల్ అంటే మర్రి, కుళం అంటే చెరువు. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఆలంగుళం ఆ రెండూ కలిసిన పేరు. ఆ చుట్టుపక్కల నుంచి కోవిల్‌పట్టి మీదుగా కయత్తారు వైపు సాగితే నల్లనేల వెంట వస్తూనే ఉంటుంది. తమిళులు దాన్ని కరిసల్ అంటారు, మనం రేగడి అంటాం. ఆ రేగడి మీద ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పల్లెలు చాలా ఉన్నాయి. వాటిలో ఇడైసెవల్ ఒకటి.

కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్లే రోడ్డు మీద వస్తుంది ఈ ఊరు. ఇడై అంటే నడుమ, సెవల్ అంటే ఎర్రనేల. పేరులో ఎరుపున్నా ఊరి బతుకంతా నల్లనేలతోనే.

ఇంగ్లండులో ఒక చిన్న పల్లె పుట్టుక వెతకాలంటే 1086 నాటి డూమ్స్‌డే పుస్తకం తిరగేస్తారు. ఊళ్లో ఎన్ని నాగళ్లున్నాయో కూడా అందులో ఉంటుంది. 1538 నుంచి చర్చిల్లో పెళ్లిళ్లు, చావులు రాసిపెట్టారు. ఇడైసెవల్ లాంటి ఊళ్లకు అవ్వలే దస్తరం. వాళ్లు చెప్పిన దాన్ని కాగితం మీదికి ఎక్కించినవాడు అదే ఊళ్లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్. పూర్తి పేరు రాయంగల శ్రీకృష్ణ రాజనారాయణ పెరుమాళ్ రామానుజం నాయకర్.

1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం'. అందులో నూరేళ్లు దాటిన మంగత్తాయారు అనే అవ్వ తమ వాళ్లు తెలుగు నేల వదిలిన కథ చెబుతుంది. చెన్నాదేవి అనే పిల్ల చక్కదనం ఆ సీమను ఏలే ప్రభువు చెవిన పడింది. పిల్లను ఇవ్వలేక, కాదని బతకలేక, ఇళ్లూ పొలాలూ వదిలి రాత్రికి రాత్రే బయల్దేరారు. వెనక గుర్రాలు, ముందు ఏరు. మొక్కుకుంటే గట్టున ఉన్న చెట్టు అవతలి ఒడ్డుకు వంగింది. దాని మీదుగా అందరూ దాటాక మళ్లీ నిటారుగా లేచింది. తరుముకొచ్చిన వాళ్లు ఇవతలే నిలిచిపోయారు.

ఈ కథ నవలలో ఏరు దాటిన కమ్మవారిదే కాదు. వీరపాండ్య కట్టబొమ్మన్ పుట్టిన రాజకంబళం నాయకర్లదీ ఇలాంటి కథే. వాళ్ల కథలో రెండు గట్ల మీది పొంగు చెట్లు, అంటే మన కానుగలు, ఒకదాని వైపు ఒకటి వంగి వంతెనయ్యాయి. దక్షిణాది కులాల మీద 1909లో అచ్చయిన తన సంపుటాల్లో థర్‌స్టన్ దీన్ని నమోదు చేశాడు. వేరు వేరు కులాల వాళ్లు ఒకే తీరు ఏటిని, ఒకే తీరు చెట్టును తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారంటే, దీన్ని ఉత్త కట్టుకథ అని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు.

చరిత్రకారులు చెప్పేది ఇంకో దారి. 14వ శతాబ్దంలో విజయనగర సేనలు మదురై దాకా వచ్చాయి. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు అక్కడ పాలన మొదలుపెట్టాడు, 72 పాళెయాలు ఏర్పడ్డాయి. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం పాళెగాళ్లు తెలుగు మాట్లాడే వాళ్లే. కత్తి పట్టిన వాళ్ల వెంట నాగలి పట్టిన వాళ్లూ వచ్చారు. తిరునెల్వేలి సీమ రైతుల మీద 1985లో పుస్తకం రాసిన డేవిడ్ లడ్డెన్, నల్లరేగడిని సాగులోకి తెచ్చిన దాంట్లో ఈ వలస రైతుల పాత్ర పెద్దదంటాడు. తామ్రపర్ణి ఒడ్డున కాలవ నీటితో వరి పండించే పని వేరు. రేగడి పని వేరు. ఎండితే కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే పాదాలకు అట్టలు కట్టి అడుగు కదలనివ్వదు. ఆ రెంటికీ నడుమ పదును దొరికిన నాలుగు రోజుల్లోనే విత్తు పడాలి. ఆ పైన వానదే భారం. పత్తి, సజ్జ, జొన్న అలా పండినవే. ఎందుకు బయల్దేరారన్నది అవ్వ మాటే కావచ్చు. ఎందుకు అక్కడే ఆగారంటే మాత్రం, కాళ్ల కింద తమకు తెలిసిన నేల తగిలింది కనుకే అని నాకనిపిస్తుంది. నవలలో వాళ్లు దిగిన చోటు అడవి. నిప్పు పెట్టి కాల్చి, ఆ బూడిదలోనే చేలు చేసుకున్నారు.

తర్వాతి కాలం గబగబా నడిచింది. 1799 అక్టోబర్ 16న పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్‌ను తెల్లవాళ్లు కయత్తారులో ఉరితీశారు. 1858లో విక్టోరియా రాణి పాలన చేపట్టే దగ్గర 'గోపల్ల గ్రామం' ముగుస్తుంది. స్వాతంత్ర్యం దాకా సాగిన రెండో భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'. దానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇడైసెవల్‌కు అది రెండో అకాడమీ బహుమతి. 1923 సెప్టెంబర్ 16న రాజనారాయణన్ పుడితే, సరిగ్గా వారానికి, 23న అదే ఊళ్లో కు. అళగిరిసామి పుట్టాడు. ఇద్దరూ కలిసి పెరిగారు, ఇద్దరూ కథకులయ్యారు. అళగిరిసామి 1970లోనే పోయాడు, బహుమతి ఆ తర్వాత వచ్చింది. రాజనారాయణన్ బడి చదువు ఎక్కువ సాగలేదు. అయినా కరిసల్ పల్లెల మాటలన్నీ ఏరి 1982లో నిఘంటువు తెచ్చాడు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్యుణ్ణి చేసింది.

ఇంట్లో విన్నది తెలుగు, రాయడం నేర్చింది తమిళం. తెలుగు అవ్వ తెలుగులో చెప్పుకున్న వలస కథ అలా తమిళ అక్షరాల్లో నిలిచింది. ఆ అక్షరాలు దాన్ని కన్నబిడ్డలా దాచాయి. అందుకు తమిళానికి మనం రుణపడి ఉన్నాం.

2021 మే 17న పుదుచ్చేరిలో ఆయన కన్నుమూశాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరపడానికి ఇడైసెవల్‌కే తీసుకొచ్చారు.